బసవన్న తప్పు చెప్పలేదంట

రేపు ఏరువాక పున్నమి. శెనక్కాయ ఇత్తనాలు ఇంట్లో ఉండాయి, వాన మాత్రం మబ్బులోనే ఉండాది. పనిలేక ఫోను పట్టుకుంటే మా తాత చెప్పిన కతలు గుర్తుకొచ్చినాయి. రాస్తాండా.

ఏ పండగ ఎందుకు చేస్తారని అడిగినా మా తాత దగ్గర జవాబు ఉండేది. తెలిస్తే తెలిసింది చెప్తుండె, తెలీకపోతే అప్పటికప్పుడు అల్లుతుండె. రెండూ ఒకే గొంతుతో చెప్పేవాడు కాబట్టి ఏది నిజమో మాకు ఇప్పటికీ తెలీదు.

ఉగాదికి వేపపూత, బెల్లం కలిపి ఎందుకు తినాల తాతా అంటే, "బెల్లం ఇత్తనమేసిన నాడు మనం వేసుకునే లెక్కరా. వేపపూత కాయలు అమ్మిన నాడు చేతికొచ్చే లెక్క. రెండూ ముందే కలిపి మింగితే తర్వాత బాధుండదు" అనె. పంచాంగంలో ఆయన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని చదివితే, "ఆ 2 యాడ్నుంచి వస్తాదో అది చెప్పు సామీ" అని లేచి అడిగినోడు మా తాత. మరునాడు వర్షతొడుకుకు మాంసం ఎందుకంటే, "నిన్న వానలు బాగుంటాయని విన్నాం కదా. ఆ సంతోషం అబద్ధమని తేలేలోపల తినేయాల!"

బసవన్న కత మీకందరికీ తెలిసిందే. రోజూ తలంటుకోండి, నెలకోసారి తినండి అని మనుషులకు చెప్పమని శివుడు పంపినాడంట. బసవన్న తారుమారు చేసి, రోజూ తినండి, నెలకోసారి తలంటుకోండి అన్నాడంట. అంత తిండి ఎవరు పండించాల, నువ్వే పోయి దున్ను అని శివుడు శాపం పెట్టినాడంట.

మా తాత దీన్ని ఒప్పుకోడు. "బసవన్న తప్పు చెప్పలేదు. మన కుందుర్పి మీదుగా వస్తా కొండెక్కి చూసినాడు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లు పడేది కష్టం. ఈళ్లకు రోజూ తలంటుకోను నీళ్లు యాడివి? నెలకోసారి తిని బతికేదెట్ల? అని, తెలిసే మార్చి చెప్పినాడు. మనకోసం అబద్ధమాడి కాడి మోస్తాండాడు. అందుకే ఏరువాకనాడు ముందు ఆయనకు నీళ్లుపోసి, కొమ్ములకు రంగేసి, ఆయన తిన్నాకే మనం తినాల."

ఊరి వాకిట గోగునార తోరణం కట్టి, ఎద్దుల్ని ఉరికించి, చెర్నాకోలతో కొట్టి పీచు తెచ్చుకునేది మీకూ గుర్తుండాల. పక్కన కన్నడపోళ్లు అదేరోజు కార హుణ్ణిమె చేస్తారు. మా తాత ఆ పీచు తెచ్చి ఎద్దుల మెడలో కడ్తుండె. "ఇది రసీదురా. ఏడాదంతా చేసిన చాకిరీకి మనం బాకీ ఉండామని" అనేవాడు.

ఒక కరువు ఏడు మేత లేక, బోరు ఎండి, మా నాయన ఆ జతను సంతకు తోలినాడు. తర్వాతొచ్చిన ఏరువాకనాడు తాత తెల్లారకముందే లేచి కొట్టం ఊడ్చినాడు. కుడితి తొట్టి కడిగినాడు. ఖాళీ గుంజ దగ్గర కూర్చుండె. ఎందుకు తాతా ఊడుస్తాండావు అని అడిగినా. మా తాత ఏ కారణమూ చెప్పని పండగ అదొక్కటే.

ఇప్పుడు మా ఇంట్లో ట్రాక్టరు ఉండాది. పోయిన ఏరువాకకు దానికి పసుపు, కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తాంటే మా పాప అడిగె. "నాయనా, బసవన్నకు శివుడు శాపం పెట్టె కదా, మరి ట్రాక్టరుకు ఎవరు పెట్టిరి?"

"దానికెవరూ పెట్టలేదమ్మా. శాపం నాకు. ఆరునెల్లకోసారి కంతు కట్టాల" అన్నా. పాప నవ్వె. నాకు నవ్వు రాలే.

రేపు పక్కింటోళ్ల ఎద్దులకు రంగు తీసుకొని పోతాండాం, నేనూ పాపా. ఎందుకని పాప అడగతాది. రసీదు సంగతి చెప్తా.

మీ ఇండ్లల్లో పెద్దోళ్లు అల్లిన కతలేమన్నా ఉంటే రాయండన్నా. నిజమో కాదో అడగను.