ప్యానెల్ మీద పెన్న పాఠం

నెల్లూరుకు తూర్పున, పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఇక్కడికి వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టారు. జిల్లాకు ఉపాధ్యాయుల్ని తయారుచేసే ప్రభుత్వ శిక్షణ సంస్థ, అంటే అందరూ డైట్ అని పిలిచేది, ఈ ఊళ్లోనే ఉంది. కాసేపు ఆశ్రమం చూసి బయల్దేరాను. నేను వెళ్లాల్సింది ఇంకొంచెం సముద్రం వైపు, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఓ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకి. చుట్టుపక్కల బడుల టీచర్లకు ఆ రోజు అక్కడ ఐఎఫ్‌పీ మీద శిక్షణ.

ఐఎఫ్‌పీ అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, వేలితో ముట్టి నడిపే పెద్ద తెర. టీచర్ల నోట్లో అది ఉత్త ‘ప్యానెల్’. బడులను బాగుచేసే నాడు–నేడు పథకం కింద 2023లో మన రాష్ట్రంలో ఆరో తరగతి నుంచి పై తరగతుల గదుల్లోకి వీటిని తెచ్చారు. మొదటి విడతలోనే 30 వేలకు పైగా గదుల్లో బిగించారు. చిన్న బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ పేరుతో బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక నల్లబల్ల ఉండాలని దేశం తలపెట్టింది. 2019లో కేంద్రం ‘ఆపరేషన్ డిజిటల్ బోర్డ్’ ప్రకటించింది. బల్లలు మారాయి. వాటి ముందు నిలబడేవాళ్లను తయారుచేసే పద్ధతి మారిందో లేదో చూడాలని నా ఆసక్తి.

పొద్దుటి పూటంతా బటన్లతోనే గడిచింది. ఆన్ చేయడం, పెన్ను రంగు మార్చడం, పేజీ భద్రపరచడం, ఫోన్‌లోని బొమ్మను తెరమీదికి పంపడం. అవసరమే, కాదనను. యాభై దాటిన ఓ తెలుగు మాస్టారు వేలితో ‘అ’ రాసి, అది తెరమీద నున్నగా మెరుస్తుంటే చిన్నపిల్లాడిలా నవ్వారు. భయం పోవడం కూడా శిక్షణలో భాగమే. కానీ చాలా శిక్షణలు అక్కడితోనే ముగుస్తాయి. మర్నాడు టీచరు బడికెళ్లి వీడియో పెట్టి పక్కన నిలబడతారు. ఆ పని టీవీ కూడా చేస్తుంది.

ఇక్కడ మాత్రం మధ్యాహ్నం నుంచి కథ వేరుగా నడిచింది. శిక్షణ ఇస్తున్న సైన్స్ మేడమ్ ఏడో తరగతి పిల్లల్ని గదిలోకి పిలిపించారు. ‘ఇప్పటిదాకా మీరు ప్యానెల్ నేర్చుకున్నారు. ఇప్పుడు పాఠం చెప్పండి, మేం చూస్తాం’ అన్నారు.

సోషల్ చెప్పే ఓ యువ టీచరమ్మ ముందుకొచ్చింది. పాఠం పెన్న నది. ఉపగ్రహ చిత్రం తెరిచింది కానీ వెంటనే చూపించలేదు. తెరను ఖాళీ చేసి, ‘మన పెన్న ఎక్కడ పుట్టి ఉంటుంది? నోటుబుక్కులో గీత గీసి చూపించండి’ అని అడిగింది. పిల్లల్లో ఎక్కువమంది సోమశిల డ్యామ్ దగ్గర మొదలుపెట్టారు. వాళ్లకు తెలిసిన పెన్న అక్కడిదే, నీళ్లు వదిలితేనే కనిపించే పెన్న. అప్పుడు ఆమె పటాన్ని కర్ణాటకలోని నంది కొండల దాకా జరిపింది. ఒకమ్మాయిని పిలిచి, నది వెంట వేలితో గీయమంది. హిందూపురం వైపు దిగి, గండికోట లోయలో ఒదిగి, సోమశిల, సంగం, నెల్లూరు దాటి, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా. 597 కిలోమీటర్ల నది ఆ పిల్ల చేతికింద ఎర్రగా పాకింది. ఆ గీతను పక్కకు జరిపి తమ గీతతో పోల్చుకోమని టీచరమ్మ మిగతావాళ్లకు చెప్పింది.

చివర్లో సముద్రం దగ్గర పటాన్ని పెద్దది చేసింది. నది మూతికి అటూ ఇటూ నీలం, ఆకుపచ్చ గడులు. ‘ఇయ్యేంది?’ అని అడగ్గానే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి నిలబడ్డాడు. ‘టీచర్, అయి రొయ్యల గుంటలు. మాది ఈడుండాది!’ అంటూ వచ్చి వేలు పెట్టి చూపించాడు. గది గదంతా అటు తిరిగింది. వరి మడులు ఎక్కడ ఆగి గుంటలు ఎక్కడ మొదలయ్యాయి, బోరు నీళ్లు ఎక్కడ ఉప్పనయ్యాయి, మాటలు పిల్లల నుంచే వచ్చాయి. ఆ పాఠం పుస్తకంలో లేదు. సుద్దముక్కతో చెప్పగలిగేదీ కాదు. ప్యానెల్ విలువ నాకు ఆ క్షణంలో తెలిసింది.

తర్వాత లెక్కల సార్ కోణాలు చెప్పారు. తెరమీద కోణమాపకం చకచకా తిరిగింది, ఒకటి తర్వాత ఒకటి జవాబులు వచ్చేశాయి. నిమిషాల్లో అయిపోయింది. పిల్లల చేతులు మాత్రం కట్టుకునే ఉన్నాయి. మేడమ్ ఆయన్ని తప్పు పట్టలేదు. ‘సార్, మీరు గీశారు. వాళ్లు ఎప్పుడు గీస్తారు?’ అని మాత్రం అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, మళ్లీ చెబుతానన్నారు. రెండోసారి ప్రతి కోణానికీ ముందు ప్యానెల్ ఆపేశారు. పిల్లలు కాగితం మడిచి అంచనా కట్టాకే తెర వెలిగింది. చిన్న పాఠం చెప్పడం, తోటివాళ్లు చూసి చెప్పిన మాట వినడం, వెంటనే మళ్లీ చెప్పడం. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన మైక్రో టీచింగ్ పద్ధతి ఇదే. మన శిక్షణ కళాశాలల్లో చాలాకాలంగా ఉన్నదే. తెరమీద జరిగినదంతా రికార్డు చేసే వీలు చాలా ప్యానెళ్లలో ఉంది కాబట్టి, టీచరు తన పాఠాన్ని తానే మళ్లీ చూసుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని శిక్షణలో ఎందుకు వాడుకోకూడదు?

ఈ విషయంలో మనకంటే ముందు ఖర్చు పెట్టి నేర్చుకున్న దేశం బ్రిటన్. 1991లో కెనడాలోని స్మార్ట్ కంపెనీ ఇలాంటి బల్లను మార్కెట్లోకి తెచ్చింది. 2000 తర్వాత బ్రిటన్ వాటిని బడులకు పెద్ద ఎత్తున ఇచ్చింది. లండన్ హైస్కూళ్లలో జరిగిన ఓ పరిశీలన 2007లో వెలువడింది. బల్లలు వచ్చిన మొదటి ఏడాదిలో పిల్లల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా వాళ్లకు కనిపించలేదు. కొన్ని గదుల్లో పాఠం మరీ వేగమైంది. పిల్లల్ని ఒక్కొక్కరినే బల్ల దగ్గరికి పిలిచిన చోట మిగతావాళ్లు ఊరికే కూర్చోవాల్సి వచ్చి, పాఠం నత్తనడక నడిచింది. అంటే ‘పిల్లల చేత ముట్టించండి’ అన్న సలహా ఒక్కటే సరిపోదు. ఒక చెయ్యి తెరమీద ఉన్నప్పుడు తక్కిన చేతులు నోటుబుక్కు మీద ఉండాలి. సోషల్ టీచరమ్మ చేసింది సరిగ్గా అదే.

యంత్రం సంగతి కూడా ఒక మాట. ఈ ప్యానెళ్లలో చాలావాటికి చుట్టూ ఉన్న చట్రంలో కంటికి కనిపించని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పరుచుకుని ఉంటాయి. వేలు వాటిని తెంచిన చోటును యంత్రం పసిగడుతుంది. కాబట్టి చట్రంలో దుమ్ము పేరుకుంటే ముట్టని చోట గీతలు పడతాయి. నేరుగా ఎండ పడినా తికమకపడుతుంది. పక్కనే ఆకుపచ్చ బల్ల, దానిమీంచి రాలే సుద్దపొడి. తూర్పు కిటికీలోంచి పొద్దుటి ఎండ, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. ఈ తీరంలో మెత్తటి పొడిగుడ్డ, ఒక కర్టెన్ కూడా బోధన సామగ్రే. అయినా పొద్దుటి బటన్ల పాఠంలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఓ డ్రిల్ మాస్టారు అడిగితే తప్ప మాటకు రాలేదు.

నా అభిప్రాయం దాచను. ప్యానెల్ శిక్షణను ఒక రోజు కార్యక్రమంగా జరిపి సంతకాలు తీసుకోవడం డబ్బు దండగ. అది ఉపాధ్యాయ శిక్షణ రెండేళ్లలోనూ ఉండాలి. బడుల్లో ఏ ప్యానెల్ ఉందో డైట్ గదుల్లోనూ అదే ఉండాలి. కాబోయే టీచరు తన పాఠ్య ప్రణాళికలో ‘ఇక్కడ తెర వెలిగిస్తాను, ఇక్కడ ఆపేస్తాను, ఈలోగా పిల్లలు ఈ పని చేస్తారు’ అని రాయగలగాలి. పనిలో ఉన్న టీచర్లకు నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక్కొక్కరు ఒక్కో పాఠం, అదీ నిజమైన పిల్లల ముందు, చెప్పి చూపిస్తే చాలు. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. ఈసారి బడికి వెళ్లినప్పుడు ప్యానెల్ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఈ వారం దానిమీద మీ పిల్ల ఏం గీసిందో, ఏం కనిపెట్టిందో అడగండి. టీచరు ముందే అడగండి, కోపంగా కాదు, ఆసక్తిగా.