చేతివ్రాత జాబు

తంతివార్త 2013లో అస్తమించినది. రిజిస్టరు తపాలా 2025లో స్పీడు పోస్టునందు లీనమైనది. చేతిలోని ఫోనును తాకినంతనే సముద్రముల కావలి మిత్రుడు బదులు పలుకుచున్న ఈ దినములలో, కలమున సిరా నింపి, కాగితమునకు అంచు విడిచి, ఎడమ ప్రక్కన ‘క్షేమము’ అనియు, కుడి ప్రక్కన ఊరిపేరును తేదీని వేసి, తీరికగా జాబు వ్రాయువానిని ఇంటివారే వింతగా చూచుట సహజము. ఆ వింతమనుష్యులలో ఈమధ్య నేనును చేరితిని. చేరి, మిక్కిలి సుఖించుచున్నాను.

చిన్ననాడు జాబుల మర్యాదలను చూచి మేము నవ్వుకొనెడివారము. పెద్దలకు ‘మహారాజశ్రీ’, పిన్నలకు ‘చిరంజీవి’, ముత్తైదువకు ‘లక్ష్మీసమానురాలు’, పిమ్మట ‘ఉభయకుశలోపరి’ – అసలు సంగతి తలయెత్తుసరికి కార్డు సగము నిండెడిది. (వితంతువులకు వేరొక సంబోధనమును ఏర్పరచిన పూర్వుల నిర్దయను మాత్రము నేనిప్పటికిని క్షమింపలేను.) కాని చేయి ఆ వాక్యములను అలవాటుకొలది వ్రాసికొనిపోవుచుండగా, మనస్సు మెల్లగా తక్కిన వ్యాపారములను విడిచి ఆ ఒక్క మనిషి యెదుటికి చేరుకొనునని ఇప్పుడు తెలియుచున్నది. కాళ్లు కడుగుకొని పెద్దల యింటిలోనికి అడుగిడుట వంటిదది.

1879లో మన దేశమునకు వచ్చిన కార్డునకు రహస్యము లేదు. పోస్టుమాను చదువును, అరుగుమీది వారు విందురు. కావుననే సంసారపు గుట్టును ఇచ్చినవారికి పుచ్చుకొన్నవారికి మాత్రమే తెలియునట్లు నర్మగర్భముగా వ్రాయు నేర్పు మన యిల్లాండ్రకు అలవడినది. 1950లో ఇన్లాండు కవరు వచ్చి ఆ నేర్పునకు కొంత విశ్రాంతి నిచ్చినది గాని, నిజమైన సంగతి అప్పటికిని నడుమ పుటలలో ఉండెడిది కాదు. వానలు, పంటలు, పిల్లల చదువులు అన్నియు ముగిసి, సంతకము కూడ అయిన తరువాత, జిగురంటించు మడతమీద చోటు చాలక అడ్డముగా ఇరికించిన రెండు పంక్తులలో – అమ్మకు మునుపటి ఓపిక లేదనియో, సంక్రాంతికైన రమ్మనియో – వ్రాసినవారి హృదయమంతయు ఉండెడిది. ఫోనునందు అట్టి అంచు లేదు. కొట్టివేత కూడ లేదు. ఒక మాట వ్రాసి, సంకోచించి, గీత గీసి, దానికంటె మెత్తని మాటను పైన వ్రాసిన ఆ సంకోచమే చదువరికి ఎంత ప్రీతిని తెలుపునో!

తుమ్మపూడి పల్లెలో కూర్చుండి సంజీవదేవ్ దేశవిదేశముల కళావేత్తలతో జాబులమీదనే చెలిమి నెరపెను. సూరి నాగమ్మ అరుణాచలమునుండి అన్నగారికి వ్రాసిన లేఖలే రమణాశ్రమపు దినచర్యను మనకు దక్కించినవి. రచయిత చలము చింతా దీక్షితులుగారికి వ్రాసిన జాబులును ఉన్నవి. ఒక్క మనిషిని ఎదుట నిలుపుకొని వ్రాసినందుననే వీరి జాబులలోని తెలుగు ఇంకను వాడలేదని నా అభిప్రాయము. లోకమునంతయు ఉద్దేశించి వ్రాసిన గ్రంథములు ఎన్నియో ఈలోగా దుమ్ము పట్టినవి.

రాజమహేంద్రవరమున రత్నం కలములు నేటికిని దొరకుచున్నవి. అర్ధరూపాయి కార్డును తపాలా శాఖవారు ఇంకను మానలేదు. ఎవరికి జాబు బాకీపడితిరో మీకే తెలియును. నేడే వ్రాయుడు, పిన్‌కోడు మాత్రము మరువకుడు.