కాకర పందిరి కింద ఒక విషప్రయోగం

మూడు దశాబ్దాలకు పైబడిన ఉద్యోగ జీవితంలో, ప్రభుత్వ ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో, పురుగుమందు తాగినవారిని లెక్కకు మించి చూశాను. నోటివెంట చొంగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంతగా కుంచించుకుపోయిన కంటిపాపలు, చర్మం కింద కండరాల అదురు. ఈ లక్షణాలు కనబడితే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగేవాళ్ళం కాము. వెంటనే ఎట్రోపిన్ మొదలుపెట్టేవాళ్ళం. అటువంటి నేను, పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు, ద్వారకా నగర్‌లోని మా ఇంటి డాబా మీద అదే వర్గానికి చెందిన మందును నా చేతులతో నేనే పిచికారీ చేశాను.

ఆ ఏడు కాకర పాదుకు పేనుబంక పట్టింది. మందుల దుకాణంలో అడిగితే ఒక సీసా చేతిలో పెట్టారు. పేరు చదివాను: డైమిథోయేట్. అది ఆర్గానోఫాస్ఫరస్ సమ్మేళనమని నాకు తెలుసు. తెలిసి కూడా, "కొంచెమే కదా, ఏమవుతుంది" అనుకున్నాను. నా రోగులు చెబితే నేను కోప్పడిన మాట అది. ఉదయం ఏడు గంటల వేళ, పూలన్నీ విచ్చుకుని ఉండగా, పందిరంతా తడిసేలా కొట్టాను.

తొమ్మిది గంటలకు మా ఆవిడ పై నుండి పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి." గచ్చు మీద పదిహేను, ఇరవై తేనెటీగలు పడి ఉన్నాయి. కొన్ని వెల్లకిలా పడి గిరగిర తిరుగుతున్నాయి. కాళ్ళు వణుకుతున్నాయి, నాలుకలు బయటికి చాచుకుని ఉన్నాయి, ఒళ్ళు తడిసినట్లుంది. రోగనిర్ధారణకు నాకు ఏ పుస్తకమూ అవసరం లేకపోయింది. నాడీకణాల మధ్య సందేశాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని, దాని పని ముగియగానే విచ్ఛిన్నం చేసే ఎంజైము ఒకటి ఉంటుంది. ఈ మందు ఆ ఎంజైమును పనిచేయనివ్వదు. సందేశం ఆగదు, నాడులు అలసి చచ్చుబడిపోయేవరకు మోగుతూనే ఉంటాయి. మనిషిలోనైనా, ఈగలోనైనా దెబ్బ తగిలేది ఆ ఒక్క చోటే. అక్కడ ముక్కాలిపీట వేసుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ తరువాత రెండు వారాలపాటు కాకర పూసింది గాని కాయలేదు. కాకరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద బుల్లి కాకరకాయ ఆకారం ముందే ఉంటుంది. పుప్పొడి అందకపోతే అది పసుపుబారి రాలిపోతుంది. రాలిన పిందెలను మాకు ఆకుకూరలు తెచ్చే ఆవిడకు చూపించాను. "ఈగ వాలకపోతే పిందె ఎలా నిలుస్తాది, డాక్టరు బాబూ?" అంది. పీయూసీలో చదివి, పరీక్ష రాసి, మరచిపోయిన వృక్షశాస్త్రం అది.

మా ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య సి. సుబ్బారెడ్డి, ఆచార్య ఎ.జె. సాలమన్ రాజు వంటివారు తూర్పు కనుమల మొక్కల పరాగసంపర్కంపై ఏళ్ళ తరబడి పరిశోధించారు. ఎర్రచందనం పూలకు సైతం మన దేశవాళీ తేనెటీగలే పరాగవాహకాలని ఆ కృషి వల్ల తెలిసింది. అటువంటి ఊళ్ళో ఉండి ఈ వయసులో కూరలావిడ దగ్గర పాఠం చెప్పించుకోవలసి వచ్చింది.

ఇప్పుడు పేనుబంకను గట్టి నీటిధారతో కడిగేస్తాను. తప్పనిసరైతే వేపనూనె, అదీ పూలు వాడిపోయిన సాయంత్రమే. కొత్తిమీర, ముల్లంగి ముదిరితే పీకనివ్వను, పూతకు వదిలేస్తాను. తులసి వెన్నులు తుంచకపోతే మొక్క గుబురుగా పెరగదని మా ఆవిడ వాదన. అది నిజమే. అందుకని కోటలోని తులసి ఆమెది, రెండు కుండీలు ఈగలవి అని ఒప్పందానికి వచ్చాము. అందరూ ముచ్చటపడే ముద్దబంతి చూపుకే గాని ఈగకు పెద్దగా అక్కరకు రాదు. ఒంటిరేక బంతి మేలు. వంకాయ, టమాటా పుప్పొడిని దులపడం తేనెటీగకు చేతకాదు. నల్లని తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిలిస్తేనే అది రాలుతుంది. దాని గూటి కోసం ఒక ఎండిన వెదురుగడను మూలన ఉంచాను.

ఈగలకు నీళ్ళు పెట్టేవారికి వైద్యుడిగా ఒక హెచ్చరిక. వెడల్పాటి మూకుడులో గులకరాళ్ళు వేసి పెట్టండి, కాని రెండు రోజులకొకసారి పారబోసి, తోమి, మళ్ళీ నింపండి. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుండి వారం, పది రోజులలో రెక్కలు తొడుగుతుంది.

మొన్న మాఘమాసంలో పక్క అపార్టుమెంటు నీళ్ళ ట్యాంకు కింద కొండతేనెటీగల పట్టు వెలసింది. రాత్రికి రాత్రి పొగపెట్టి కాల్చేద్దామన్నారు. నేను అడ్డుపడ్డాను గాని, వారి భయాన్ని కొట్టిపారేయలేదు. కుట్టిన చోట వాపు, నొప్పి మామూలే. ముల్లును ఎలాగైనా సరే తక్షణం లాగేయాలి. కాని ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, కళ్ళు తిరగడం మొదలైతే అది ప్రాణాంతకమైన ఎలర్జీ. తొడ కండరంలోకి ఎడ్రినలిన్ నిమిషాలలో పడాలి. ఒకే ఒక్క ఈగ కుట్టి నా కళ్ళముందే కన్నుమూసిన యువకుడిని నేను మరువలేదు. అందుచేత డాబా తలుపుకు తాళం వేయించి, పిల్లలను పైకి పోనివ్వవద్దని చెప్పి, ఎడ్రినలిన్ ఆంపూళ్ళు, సిరంజిలు మా ఇంట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. కొండతేనెటీగలు పూతకాలం వెంట వలసపోయే జీవులు, కొన్ని వారాలు ఓపిక పట్టండని బతిమాలాను.

వైశాఖంలో ఒక ఉదయం చూస్తే పట్టు ఖాళీ. మైనం మాత్రం వేలాడుతోంది. వచ్చే ఏడు మళ్ళీ అక్కడికే వస్తాయా అని అసోసియేషన్ కార్యదర్శిగారు ఇప్పటినుండే నన్ను అడుగుతున్నారు. వస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకా తేలలేదు.