పండగ డ్యూటీకి ఎన్ని హాజిరీలు?

సెలవు రోజు పనిచేసినవారికి న్యాయమైన వేతనం ఎలా ఉండాలి? మెయిన్స్ ప్రాక్టీసులో ఈ ప్రశ్న వస్తే మీరు ఎలా మొదలుపెడతారు? నేను మొన్న "ఫ్యాక్టరీల చట్టం 1948, సెక్షన్ 59, రెట్టింపు వేతనం" అని మొదలుపెట్టాను. తప్పు రాశాను. మీరు రాయకండి.

సెక్షన్ 59 ఓవర్‌టైమ్‌ గురించి. ఆ చట్టం అమల్లో ఉన్న 2025 దాకా రోజుకు 9 గంటలు లేదా వారానికి 48 గంటలు దాటితేనే రెట్టింపు ఉండేది. వారపు సెలవు పోతే సెక్షన్ 53 ప్రకారం ఆ నెలలోనో, తర్వాతి రెండు నెలల్లోనో బదులు సెలవివ్వాల్సి ఉండేది. పండగల సంగతి రాష్ట్రాల చట్టాల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 1974 చట్టం ప్రకారమైతే పండగ సెలవున పనిచేసినవారికి రెట్టింపు వేతనం, లేదా ఆ రోజు వేతనంతో పాటు జీతంతో కూడిన మరో సెలవు.

భిలాయిలో పెరిగిన నాకు ఇది ముందే తెలియాలి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఊరు ఇది. దీపావళి వచ్చిందని ఫర్నేస్ ఆపేస్తే లోపలి ఇనుము గడ్డకడుతుంది. కాబట్టి పండగనాడు ఎవరో ఒకరు పనిలో ఉండాల్సిందే. నా పేచీ అక్కడ కాదు.

మా పక్కింటి బాబాయి శ్రీకాకుళం నుంచి వచ్చి ఓ చిన్న వర్క్‌షాపులో కాంట్రాక్టర్ కింద పనిచేస్తున్నాడు. దసరా రోజు వెళ్తే ఒక్క హాజిరీయే కట్టారు. చదివిందంతా చెప్పి "అడగండి బాబాయ్" అన్నాను.

"అడిగితే రేపట్నుంచి ఆ ఒక్కటీ ఉండదు నాన్నా" అన్నాడు.

పైగా రిజిస్టర్‌లో ఆ రోజు సెలవనే రాసి, డబ్బు చేతికిచ్చారట. ఇన్‌స్పెక్టర్ వచ్చినా ఏం పట్టుకుంటాడు?

అందుకే ఈసారి వ్యాసంలో రేటు గురించి రెండు వాక్యాలే రాశాను. మిగతాదంతా హాజరు గురించే. కాంట్రాక్టర్ వేతనం ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 2025 దాకా అమల్లో ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం సెక్షన్ 21లో ఉండేది. అలాంటప్పుడు గేటు దగ్గరి ఎంట్రీలను వేతనాల రిజిస్టర్‌తో సరిచూసే బాధ్యతా ఆ యజమానిదే కావాలి. పండగ వేతనం స్లిప్పులో విడిగా కనపడి, బ్యాంకులోనే పడాలి. ఇక్కడి గనుల ఊరు దల్లీ రాజహరాలో 1977లోనే కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహ నియోగీ నాయకత్వంలో పని ఇవ్వని రోజులకూ కూలీ అడిగారు. బాబాయి అడగాల్సింది పని చేసిన రోజుకే.

దీపావళికీ రమ్మన్నారట. వెళ్తానన్నాడు.