లాక్ ఒపెరాన్‌లో బిట్టుగా రాని సంగతి

బైపీసీ చదివినవాళ్లెవరూ లాక్ ఒపెరాన్ బొమ్మ మర్చిపోలేరు. ఒక గీత, దాని మీద ఐ, పి, ఓ, జడ్, వై, ఏ అని వరసగా డబ్బాలు. ఓ డబ్బా మీద రెప్రెసర్ అనే ముద్ద కూర్చుంటే జన్యువులు బంద్. లాక్టోజ్ వచ్చి దాన్ని లేపేస్తే ఆన్. నీట్‌లో ఒక బిట్టు, నాలుగు మార్కులు, అంతే.

విజయవాడలో లాంగ్ టర్మ్ చేస్తున్న మా బాబాయి కూతురు మొన్న ఫోన్‌లో అడిగింది, "అక్కా, నువ్వు ల్యాబ్‌లో రోజూ ఇదే చేస్తావు కదా, బోర్ కొట్టదా?" అని. కొట్టదు. ఎందుకంటే అసలు మజా ఆ బొమ్మలో లేదు. ఆ ముద్ద అక్కడికి ఎలా వచ్చి కూర్చుందో బొమ్మ చెప్పదు.

ఒకసారి లెక్క చూడండి. మన పేగుల్లో బతికే ఈ-కోలి బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. అందులో కుక్కిన డీఎన్ఏని సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు వస్తుంది. అంటే 46 లక్షల అక్షరాల జతలు. అందులో రెప్రెసర్ కూర్చోవాల్సిన ముఖ్యమైన చోటు 21 జతలు. మరి వెతికే రెప్రెసర్లు ఎన్ని? కణానికి పదో పరకో. వాటికి కళ్లు లేవు, మ్యాప్ లేదు.

రెప్రెసర్ అనేది ఒకటి ఉండాలని 1961లో చెప్పింది పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో. ఇద్దరికీ 1965లో నోబెల్ వచ్చింది. జాకబ్ సర్జన్ కావాలనుకున్న మనిషి. 1944లో యుద్ధంలో గట్టిగా గాయపడి, ఆ ఆశ వదులుకుని ఇటు వచ్చాడు. సరే, వాళ్లు ఉందన్నారు గానీ దాన్ని ఎవరూ చూడలేదు. అది ఆర్ఎన్ఏ కావచ్చని వాళ్లే అనుకున్నారు. 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెనో ముల్లర్-హిల్ దాన్ని పట్టుకుని ప్రొటీన్ అని తేల్చారు.

నా ఇష్టమైన పాత్ర మాత్రం ఆర్థర్ రిగ్స్. ఆయన, తోటివాళ్లు 1970లో రెప్రెసర్ తన చోటుని ఎంత వేగంగా పట్టుకుంటుందో టెస్ట్‌ట్యూబ్‌లో కొలిచారు. నీళ్లలో ఊరికే తిరుగుతూ తగిలితే ఎంత వేగం ఉండాలో, దానికి దాదాపు వంద రెట్లు వచ్చింది. ఏదో అడ్డదారి ఉందన్నమాట.

ఆ అడ్డదారి ఏంటో హైదరాబాద్‌లో కొత్త అడ్రస్ వెతికినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఊరంతా గుడ్డిగా తిరగం. ఏదో ఒక వీధిలోకి దూరి, డోర్ నంబర్లు చూసుకుంటూ కాస్త నడుస్తాం. ఇది కాదనుకుంటే పక్క వీధిలోకి వెళ్తాం. రెప్రెసర్ చేసేదీ అదే. డీఎన్ఏ వెన్నుకి నెగెటివ్ చార్జ్, ఈ ప్రొటీన్ చేతికి పాజిటివ్ చార్జ్. అందుకే ఎక్కడ తగిలినా కాస్త అంటుకుంటుంది. అంటుకుని కొంత దూరం జారుతుంది, వదులుతుంది, ఇంకోచోట వాలుతుంది.

2007లో బతికున్న కణంలోనే దీన్ని చూశారు. రెప్రెసర్‌కి మెరిసే తోక తగిలించి మైక్రోస్కోప్ కింద పెట్టారు. అది తన టైమ్‌లో 90 శాతం దాకా తనది కాని డీఎన్ఏ మీదే గడుపుతోంది! అలా వాలిన ప్రతిసారీ 5 మిల్లీసెకన్లు కూడా ఉండట్లేదు. 2012లో ఇంకో సంగతి తేలింది. అసలు చోటు దొరికినా చాలాసార్లు దాని మీదుగా అటూ ఇటూ జారిపోయి, ఆ తర్వాతే కూర్చుంటుందట. గేటు ముందు నుంచే రెండుసార్లు బండి పోనిచ్చి, మూడోసారి నంబర్ చూసినట్టు.

మరి ఇదే నా చోటు అని దానికి ఎలా తెలుస్తుంది? డీఎన్ఏ మెలికలు విప్పి చదవదు. బట్టల షాపుల్లో కొందరు ఉంటారు, చీర మడత విప్పకుండా అంచు చూసే ఏ రకమో చెప్పేస్తారు. అలాగన్నమాట. డీఎన్ఏ మెలికకి ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి ఉంటాయి. పెద్ద గాడిలో ప్రతి అక్షరాల జత అంచూ కొంచెం బయటికి కనిపిస్తుంది. రెప్రెసర్ చేతిలోని ఒక చిన్న మెలిక సరిగ్గా ఆ గాడిలో ఇముడుతుంది. అక్షరాలు కుదిరితే పట్టు బిగుస్తుంది, లేకపోతే జారిపోతుంది. ఇంకో తమాషా, దీనికి అలాంటి పట్లు రెండు. ఒక చేత్తో ఒక చోటు, రెండో చేత్తో దూరంగా ఉన్న ఇంకో చోటు పట్టుకుని మధ్యలో డీఎన్ఏని ఉంగరంలా వంచేస్తుంది.

ఇంత బిగించినా అప్పుడప్పుడు వదులుతుంది. అది లోపం అనిపిస్తుంది గానీ, వదలకపోతే ఆ బ్యాక్టీరియాకి పాలు వచ్చిన సంగతే తెలియదు. ఎందుకంటే రెప్రెసర్‌ని నిజంగా లేపేది లాక్టోజ్ కాదు, దాని రూపం మారిన అల్లోలాక్టోజ్. లాక్టోజ్‌ని లోపలికి తెచ్చే ప్రొటీన్, దాన్ని అల్లోలాక్టోజ్‌గా మార్చే ఎంజైమ్, రెండూ మూసేసిన ఆ జన్యువుల నుంచే రావాలి! తాళంచెవి గది లోపలే ఉంది. రెప్రెసర్ పట్టు సడలిన ఆ కాస్త సందులో నాలుగైదు ప్రొటీన్లు తయారై ఉంటాయి కాబట్టే కథ నడుస్తోంది. తర్వాత ఉత్పత్తి దాదాపు వెయ్యి రెట్లు పెరుగుతుంది. లాంగ్ టర్మ్ వాళ్లూ, ఇది బిట్టుగా రాదు, ఊరికే తెలుసుకోండి.

మా ఇంట్లో ఇది పుస్తకం దాటి వచ్చింది పోయినేడు. అమ్మకి షుగర్ మాత్రలతో ఆగట్లేదు, ఇన్సులిన్ మొదలుపెట్టాలి అన్నారు డాక్టరు గారు. అమ్మ రెండు నెలలు వాయిదా వేసింది. "ఒకసారి పొడుచుకుంటే ఇక అలవాటైపోతుందట. పైగా అది పందుల నుంచి తీస్తారట కదే" అంది. ఎదురింటి పిన్నిగారి సమాచారం. రెండు నెలల్లో పాదాల్లో తిమ్మిర్లు కూడా మొదలయ్యాయి.

అలవాటు సంగతి డాక్టరు గారు చెప్పారు. అది మత్తుమందు కాదు, ఒంట్లో చాలని హార్మోన్‌ని బయటి నుంచి ఇవ్వడమే. పందుల సంగతి నేను చెప్పాను. ఒకప్పుడు నిజమే, పందుల, ఆవుల క్లోమం నుంచే తీసేవారు. 1978లో అమెరికాలో మనిషి ఇన్సులిన్‌ని ఈ-కోలిలో చేయించారు. ఆ జన్యువులకి ముందు తగిలించిన స్విచ్చి ఏదనుకున్నారు? లాక్ స్విచ్చే. ఆ బృందంలో ముఖ్యుడు ఇందాకటి ఆర్థర్ రిగ్సే. ఎందుకు పనికొస్తుందో తెలియకుండా 1970లో రెప్రెసర్ వేగం కొలిచిన మనిషి! 1982లో ఆ ఇన్సులిన్ మందుగా వచ్చింది. ఇవాళ దొరికేవి కొన్ని ఈ-కోలిలో, కొన్ని ఈస్ట్‌లో తయారవుతున్నాయి.

"మరి ఆ పురుగులు మందులో ఉండిపోవు కదా?" అంది అమ్మ. ఉండవు, ఎన్నోసార్లు శుద్ధి చేస్తారు అన్నాను. ఆ సోమవారం నుంచే మొదలుపెట్టింది.

సూది భయం పోయాక నా పని మీద పడింది. స్విచ్చి ఎందుకు, మొదటి నుంచీ చేయించొచ్చు కదా అని అడిగింది. పరాయి ప్రొటీన్ చేయడం వాటికి బరువు, సరిగ్గా పెరగవు. అందుకే ముందు పెరగనిస్తాం. ఫ్లాస్క్‌లో నీళ్లు కావలసినంత మసకబారాక ఐపీటీజీ అనే మందు కొంచెం వేస్తాం, అది అల్లోలాక్టోజ్‌లాగే రెప్రెసర్‌ని లేపేస్తుంది అని చెప్పాను.

"మరి తాళం మళ్లీ ఎవరేస్తారే?"

పేగుల్లో అయితే ఎవరూ వెయ్యక్కర్లేదు. లాక్టోజ్ అయిపోతే అల్లోలాక్టోజ్ కూడా అయిపోతుంది, రెప్రెసర్ దానంతటదే వెతుక్కుంటూ వచ్చి కూర్చుంటుంది. మా ఫ్లాస్క్‌లో అలా కాదు. ఐపీటీజీని అవి అరిగించుకోలేవు. అందుకే తాళం పడదు. అవి చేస్తూనే ఉంటాయి, మూడు నాలుగు గంటలు. తర్వాత మేమే సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పి, అడుగున చేరిన వాటిని పగలగొట్టి ప్రొటీన్ తీసుకుంటాం.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పాపం" అంది.