ఎనిమిది రూపాయల బోల్టు

మా గదిలో నలుగురం, నలుగురికీ కలిపి ఒకటే సైకిలు. డిగ్రీ రెండో ఏడాదిలో తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండులో కొన్నాం. హాస్టల్ నుంచి కాలేజీకి ఐదు కిలోమీటర్లు. వంతుల ప్రకారం ఎక్కేవాళ్ళం, పరీక్షల రోజుల్లో మాత్రం పరీక్ష ఉన్నవాడిదే సైకిలు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడగగానే మాకు ఆ సైకిలే గుర్తొచ్చింది.

ఒకరోజు ఎడమ పెడలు తొక్కినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడు. చూస్తే పెడలును ఇరుసుకు కలిపే రాడ్డు, అదే క్రాంకు, ఊగుతోంది. దాన్ని బిగించే బోల్టు దారిలో ఎక్కడో రాలిపోయింది. ఊళ్ళో మా నాన్నలు తొక్కిన సైకిళ్ళకు ఈ బోల్టే ఉండదు. క్రాంకులోంచి అడ్డంగా కాటర్ పిన్ను దిగుతుంది, వదులైతే సుత్తితో రెండు దెబ్బలు వేసి నట్టు బిగిస్తే సరి. మాకు తెలిసిన విద్య అంతే. ఈ సైకిలుకేమో ఇరుసు కొస నలుచదరంగా, చివరికి సన్నబడుతూ ఉంది, మధ్యలో మర ఉన్న రంధ్రం.

స్కేలు పెట్టి కొలిచి, హార్డ్‌వేర్ షాపులో 8 ఎం.ఎం. బోల్టు అడిగాం. ఎనిమిది రూపాయలు. కుడివైపు బోల్టు విప్పి పట్టుకెళ్ళి జత చూడాలన్న ఆలోచన నలుగురిలో ఒక్కడికీ రాలేదు! రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. తుప్పు అనుకున్నాం. పానాకు ఇనుప పైపు తగిలించి ఇద్దరం కలిసి తిప్పాం. బిగిసింది కదా అని సంబరపడ్డాం.

మూడు వారాలకు సెమిస్టర్ పరీక్షలు. స్టాటిస్టిక్స్ పేపరు రోజు మాలో ఒకడు వెళ్తుంటే సగం దారిలో క్రాంకు ఊడి వచ్చింది. మోకాలు చీరుకుపోయింది. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళేసరికి నలభై నిమిషాలు ఆలస్యం, హాల్లోకి రానివ్వలేదు. సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు గానీ, ఆ సాయంత్రం మేం ముగ్గురం వాడి ముఖం చూడలేకపోయాం. వాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇంటికి ఫోన్ చేసి, సైకిలు జారిందని మాత్రమే చెప్పాడు.

తర్వాత సైకిల్ షాపు మెకానిక్ అన్న రెండు బోల్టులు పక్కపక్కన పెట్టి చూపించాడు. లావు రెండింటిదీ 8 ఎం.ఎం. కానీ మామూలు బోల్టు మరల మధ్య దూరం 1.25 ఎం.ఎం., ఈ రకం క్రాంకు బోల్టుకు 1 ఎం.ఎం. మేం బలవంతంగా తిప్పి ఇరుసు లోపలి మర చెడగొట్టాం. క్రాంకు వదులుగా తిరిగి దాని నలుచదరపు రంధ్రం కూడా అరిగిపోయింది. ఇరుసు, క్రాంకు, బోల్టులు అన్నీ కలిపి నాలుగు వందల యాభై అయింది. ఆ నెల కాస్మెటిక్ చార్జీలన్నీ అందులోకే పోయాయి.

తమ్ముళ్ళూ, బోల్టు కొనేముందు రెండోవైపుది విప్పి పట్టుకెళ్ళండి. కొన్ని ఇరుసులకు రంధ్రం బదులు బయటికి మర కొమ్ము ఉంటుంది, దానికి నట్టు కావాలి. కొత్త బోల్టు మొదటి చుట్లు వేళ్ళతోనే తిరగాలి, తిరగకపోతే అది మీ బోల్టు కాదు. మరకు కాస్త గ్రీజు రాసి, జానెడు పానాతో గట్టిగా బిగించండి. వేళ్ళ బలం చాలదు, పైపు అక్కర్లేదు. నాలుగు రోజులు తొక్కాక మళ్ళీ బిగించి చూడండి. ముఖ్యంగా ఎడమవైపు, వదులయ్యేది ఎక్కువగా అదే.

ఆ సైకిలు ఇప్పటికీ హాస్టల్లోనే ఉంది. 14 నంబరు పానా మెస్ స్టోరు గదిలో మేకుకు తగిలించాం. వాడుకుని మళ్ళీ అక్కడే పెట్టండి.