ఉప్పు మజ్జిగ

ఎండాకాలం వచ్చిందంటే పేపర్లో ఒక పెట్టె కనబడుతుంది. పుచ్చకాయ, కీరదోస, కొబ్బరినీళ్ళు, మజ్జిగ, సబ్జా గింజలు, తాటిముంజలు. ఒక్కోదాని పక్కన ఒక్కో వాక్యం: ఒంట్లో వేడి తగ్గిస్తుంది, నీరసం పోగొడుతుంది, శక్తినిస్తుంది. ఏటా అదే పెట్టె, మహా అయితే ఫొటోలు మారతాయి. ఈమధ్య అందులోకి చద్దన్నం కూడా చేరింది. మట్టి మూకుట్లో పెరుగు కలిపిన అన్నం, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. హోటళ్ళలో దాన్ని ఉదయం టిఫినుగా అమ్ముతున్నారు కూడా.

ఆ పెట్టెలో రాసినవన్నీ మంచి తిండ్లే. వాటితో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ సలహా నోటి దగ్గర మొదలై కడుపు దగ్గర ఆగిపోతుంది. తాగిన నీళ్ళు కాసేపటికి బయటికి కూడా రావాలి కదా. ఆ మాట అందులో ఎప్పుడూ ఉండదు.

మాది పల్నాడు. మా అమ్మ, చిన్నమ్మ మిరపకోతలకి వెళ్ళేవాళ్ళు. జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా ఏదో ఒక చేలో కోత ఉండేది. తెల్లారేసరికి ముఠా బయల్దేరాలి. ముందురోజు రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చుక్క మజ్జిగ వేసి మూతపెట్టేది అమ్మ. పొద్దున్నకల్లా అది తోడుకుని ఉండేది. ఇంత ఉప్పు వేసుకుని, మాగాయ ముక్క నంచుకుని తినేసి వెళ్ళేది. మధ్యాహ్నానికి క్యారేజీలో అన్నం, పచ్చడి. దాంతోపాటు ఒక పాత సీసాలో మజ్జిగ. ఆ మజ్జిగలో ఉప్పు ఎంత ఉండేదంటే, నేను ఒక గుక్క తాగి మొహం చిట్లించేదాన్ని.

"ఎందుకే ఇంత ఉప్పు?" అంటే, "ఉప్పుంటే ఒంట్లో నిలబడుద్దే. ఉత్త నీళ్ళు తాగితే ఊరికే వచ్చుద్ది" అనేది.

ఆమె మాటలో శాస్త్రం ఉంది. మన చిన్నపేగు గోడల్లో చక్కెరనీ ఉప్పునీ జంటగా లోపలికి లాగే ద్వారాలు ఉన్నాయి. గ్లూకోజుకి సోడియం తోడుంటేనే అది ఆ దారిన లోపలికి వెళుతుంది. ఆ రెండిటి వెనకే నీళ్ళూ వెళతాయి. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. అది ఎంత పెద్ద విషయమో 1971లో తేలింది. బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ సీసాలు నిండుకుంటున్నప్పుడు దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి తాగించాడు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. ఇవాళ లీటరు నీళ్ళకి వాడే ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, వాటితోపాటు కొంచెం పొటాషియం, సిట్రేటు ఉంటాయి. పొట్లం దొరకని పల్లెల కోసం 1980లలో బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తల్లులకి నేర్పింది ఇంకా తేలిక: మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు.

గంజిలో ఉప్పేసుకు తాగడం, చద్దన్నంలో ఉప్పేసుకు తినడం ఇదే పని వేరే దారిలో చేస్తాయి. అన్నంలోని పిండిపదార్థం పేగుల్లో మెల్లగా గ్లూకోజుగా విడుతుంది. వండిన అన్నంలోనే మూడింట రెండొంతులు నీళ్ళుంటాయి. పైన పెరుగు, మజ్జిగ, ఊరగాయలోని ఉప్పు. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, తెలంగాణలో జొన్న అంబలి, గట్క, మా దగ్గర చద్దన్నం: పేర్లు వేరైనా అందరిదీ ఒకటే లెక్క. అందరూ ఎండలోకి వెళ్ళి ఒళ్ళు వంచే వాళ్ళే. పోతన భాగవతంలో కృష్ణుడు చల్దులు తిన్నది కూడా దూడల్ని తోలుకెళ్ళిన చోటే కదా.

కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. కాబట్టి రోజంతా చెమటోడ్చిన మనిషికి ఉప్పు మజ్జిగ చేసే పని కొబ్బరిబోండాం చెయ్యలేదు. అరవై రూపాయలు పెట్టి రోజూ బోండాం కొనే కూలీ ఎటూ లేదనుకోండి.

ఇక అమ్మ చెప్పిన "నిలబడుద్ది" అన్న మాట. 2016లో బ్రిటన్ శాస్త్రవేత్తల ప్రయోగం ఒకటి వెలువడింది. పదమూడు రకాల పానీయాల్లో ఏది ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందో కొలిచారు. తాగించాక, రెండు గంటలూ నాలుగు గంటలూ మూత్రం ఎంత వచ్చిందో చూశారు. పాలు, ఓఆర్ఎస్ మంచినీళ్ళ కంటే ఎక్కువసేపు నిలబడ్డాయి. ఉప్పు, పిండిపదార్థం, మాంసకృత్తులు ఉంటే నీళ్ళు మెల్లగా దిగుతాయని దాని సారం. ఆ ప్రయోగంలో పాల్గొన్న 72 మందీ మగవాళ్ళే.

అది చదివినప్పుడు నాకు మిరపచేను గుర్తొచ్చింది. మిరపచేను నడుము ఎత్తు కూడా ఉండదు. కనుచూపుమేర చాటు అనేదే కనపడదు. మగవాళ్ళు గట్టు మీదకెళ్ళి అటు తిరిగి నిలబడతారు. ఆడవాళ్ళు ఒంటికి వెళ్ళాలంటే కాలవ దాకా నడవాలి, ఇద్దరు ముగ్గురు తోడు వెళ్ళి చీరలు అడ్డం పట్టాలి. ముగ్గురు కదిలితే మేస్త్రి మొహం మాడ్చుకుంటాడు. వీటన్నిటికంటే పెద్ద బాధ ఇంకోటుంది. అవి కారం చేతులు. పొద్దుట్నుంచీ కాయలు తుంచిన వేళ్ళు మండిపోతూ ఉంటాయి. కోతల్లో ఆడవాళ్ళు చెమట కూడా చేత్తో తుడుచుకోరు, మోచెయ్యి పైభాగంతో అద్దుకుంటారు. ఆ చేతులతో, కడుక్కోడానికి సబ్బు కూడా లేని చోట, ఒంటికి వెళ్ళి రావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా అమ్మ నాకు ఈ సంగతి చెప్పింది నాకు పెళ్ళయ్యాక. అంతకుముందు చెప్పే మాట కాదని అనుకుంది.

అందుకే వాళ్ళు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. పొద్దున తాగితే ఎండ ఎక్కేలోపు కదలాల్సి వస్తుందని నోరు తడుపుకుని ఊరుకునేవాళ్ళు. చద్దన్నం, ఉప్పు మజ్జిగ వాళ్ళకి శక్తినిచ్చే తిండి మాత్రమే కాదు, సాయంత్రం దాకా కదలకుండా ఉండటానికి దొరికిన ఉపాయం. ఒంట్లోకి కొంచెం నీళ్ళు వెళ్ళాలి, బయటికి మాత్రం రాకూడదు. అమ్మకి ఏటా ఫిబ్రవరి, మార్చిలో మూత్రంలో మంట వచ్చేది. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళితే నాలుగు మాత్రలిచ్చి, "నీళ్ళు బాగా తాగమ్మా" అనేవాడు. ఎప్పుడూ అదే మాట.

ఇది చేలో మాటే అనుకోవడానికి లేదు. డిగ్రీ అయ్యాక నేను విజయవాడలో ఒక చీరల షాపులో రెండేళ్ళు పని చేశాను. లోపలంతా ఏసీ. ఎండ అన్న మాటే లేదు. మూడో అంతస్తులో మా విభాగం, బాత్రూం సెల్లారులో. కస్టమర్లు ఉంటే కదలకూడదు, పండగ రోజుల్లో కస్టమర్లు లేని సమయమే ఉండదు. కూర్చోడానికి స్టూలు ఉండేది కాదు. మాలో చాలామంది పొద్దున ఇంట్లో తాగిన టీతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చేవాళ్ళు. నా పక్కన పనిచేసే అక్క బ్యాగులో ఓఆర్ఎస్ పొట్లం పెట్టుకుని, పావుగ్లాసు నీళ్ళలో కలిపి గుటుక్కున మింగేది. లీటరులో కలపాల్సింది పావుగ్లాసులో కలిపితే మేలు చెయ్యకపోగా పేగుల్లోకే నీళ్ళు లాగుతుంది. అలా కలపకూడదని అట్టమీదే ఉంటుంది. ఆమె చదవక కాదు. లీటరు తాగితే ఎన్నిసార్లు సెల్లారుకి దిగాలో ఆమెకి తెలుసు.

కోళికోడ్‌లో మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళది ఇదే కథ. పి. విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్ళని పెణ్‌కూట్టు పేరుతో కూడగట్టింది. వాళ్ళు మొదట అడిగింది మరుగుదొడ్డి. తర్వాత కూర్చునే హక్కు. ఆ పోరాటం సాగి సాగి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మంచినీళ్ళకీ, మరుగుదొడ్లకీ విడివిడిగా సెక్షన్లు ఉండేవి. మిరపచేను ఫ్యాక్టరీ కిందికి రాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీళ్ళు, పిల్లలకి నీడ, విశ్రాంతి వేళ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. నీళ్ళు ఇవ్వాలని గుర్తుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళు ఎక్కడికెళ్ళాలో మాత్రం గుర్తు రాలేదు. ఇళ్ళల్లో మరుగుదొడ్లు వచ్చాయి, సంతోషమే. చేను ఇంటికి మూడు కిలోమీటర్లు.

అందుకే పేపర్లో ఆ పెట్టె చూసినప్పుడల్లా దాని కింద ఇంకో రెండు లైన్లు ఉండాలనిపిస్తుంది. మజ్జిగ, అంబలి, చద్దన్నం మంచివి, తినండి. అవి తిన్న మనిషికి గంటకోసారి పని ఆపే వీలు, నాలుగు గోడల చాటు, చేతులు కడుక్కోడానికి నీళ్ళు ఇవ్వండి. ఈ రెండోది లేకుండా మొదటిది సగం వైద్యమే.

అమ్మ మోకాళ్ళ నొప్పులతో కోతలు మానేసింది. చిన్నమ్మ ఇంకా వెళుతోంది. ఇప్పుడు మా వైపు కోతలకి మనుషులు దొరకడం కష్టం కాబట్టి ఆడవాళ్ళ మాటకి కాస్త విలువ వచ్చింది. కిందటేడు వాళ్ళ ముఠా ఒక రైతుని అడిగి చేను మూలన నాలుగు కర్రలు పాతించి, చుట్టూ పట్టా కట్టించుకుంది. పక్కన ఒక డ్రమ్ము నీళ్ళు, సబ్బు, చేతులకి రాసుకోడానికి చిన్న సీసాలో కొబ్బరినూనె. ఆ రైతుకి అయిన ఖర్చు ఒక మనిషి రోజు కూలి కూడా ఉండదు. చిన్నమ్మ ఇప్పుడు చేలోకి రెండు లీటర్ల సీసా పట్టుకెళుతోంది. మొన్న ఫోన్లో, "మజ్జిగలో ఉప్పు తగ్గించానే" అంది. తర్వాత కాసేపు ఆ రైతుని తిట్టింది. డ్రమ్ము నింపిస్తున్నాడట గానీ, సబ్బు అరిగిపోయి వారమైనా కొత్తది పెట్టలేదట.